ఫార్మసిస్ట్ ఎగ్జిట్ పరీక్ష ముందు టెన్షన్: నెల ముందు నుంచి హాలు దాకా ఏం చేయాలి

బెంగళూరులో డీఫార్మ్ (ఫార్మసీ డిప్లొమా) పూర్తిచేసి, పీజీ హాస్టల్లో ఉంటూ ఎగ్జిట్ పరీక్షకు చదువుతున్న మన తెలుగు పిల్లలు నన్ను సిలబస్ గురించి అడిగేది తక్కువ. ఎక్కువమంది అడిగేది ఒకటే: "అక్కా, రూములో అన్నీ వస్తాయి. హాల్లో కూర్చోగానే బుర్ర ఖాళీ అయిపోతుంది. ఏం చేయను?"

"ధైర్యంగా ఉండు" అని పంపేస్తే వాళ్ళకేం ఉపయోగం లేదు. నేను చూసినంతలో ఈ టెన్షన్ చాలావరకు తేల్చకుండా వదిలేసిన పనుల వల్ల వస్తుంది. చూడని సెంటరు, చదవని రూల్సు, టైము పెట్టుకుని ఒక్కసారీ రాయని పేపరు. ముందు వాటిని తేల్చేయాలి. అప్పటికీ మిగిలిన టెన్షన్ హాల్లోకి మీతో పాటే వస్తుంది. అది ఉండగానే చేయి ఆగకుండా రాయడం ప్రాక్టీసుతో అలవాటవుతుంది.

ఇది డీపీఈఈ, అంటే డిప్లొమా ఇన్ ఫార్మసీ ఎగ్జిట్ ఎగ్జామినేషన్ రాసేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసింది. గల్ఫ్ దేశాల లైసెన్స్ పరీక్షలు రాసేవాళ్ళకు రూల్సు వేరు. అయినా 3 నుంచి 6 వరకు ఉన్న మెట్లు, హాల్లో చేయాల్సినవి మీకూ పనికొస్తాయి.

1. భయాన్ని ముక్కలు చేసి కాగితం మీద పెట్టండి

ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గళ్ళు గీయండి. మొదటిదాంట్లో దేనికి భయం, రెండోదాంట్లో దానికి నేను చేయగలిగింది ఏమిటి, మూడోదాంట్లో ఎప్పుడు చేస్తాను.

"కెమిస్ట్రీ అంటే భయం" అని రాస్తే పని జరగదు. అది ఇంకా ముద్దగానే ఉంది. "స్ట్రక్చర్ ఇస్తే మందు పేరు చెప్పలేను", "నాలుగు మందుల పేర్లిస్తే ఏది ఏ క్లాసో కలిపేస్తాను" అని రాయాలి. అలా రాయగానే రెండో గడిలో ఏం రాయాలో దానంతట అదే తెలుస్తుంది.

చాలామంది కాగితంలో ఇవి కనిపిస్తాయి:

- ప్రశ్నలన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి, నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం
- లెక్కలకు టైము సరిపోదు
- యాక్టులు, షెడ్యూళ్ళు, ఫారం నంబర్లు కలిసిపోతాయి
- సెంటరు ఊరికి ఆ చివర పడితే ఎలా వెళ్ళాలి
- పోతే ఇంట్లో ఏమంటారు

మొదటి నాలుగింటికి పని ఉంది. ఐదోదానికి రెండో గడి ఖాళీగానే ఉంటుంది. ఉండనివ్వండి. ఏ భయానికి పని ఉంది, ఏ భయానికి లేదు అని విడదీయడానికే ఈ కాగితం. పని లేని భయం రాత్రి పదకొండింటికి తలలోకి వచ్చినప్పుడు, అది ఏ గడిలోదో మీకు తెలిసి ఉంటుంది.

2. రూల్సు ఒక్కసారి, మొదటి పేజీ నుంచి చివరి దాకా

ఈ పరీక్షను ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2022 నిబంధనలతో తెచ్చింది. వైద్య పరీక్షలు పెట్టే జాతీయ బోర్డు ఎన్‌బీఈఎంఎస్ నిర్వహిస్తుంది. ఇది పాసైతేనే డీఫార్మ్ వాళ్ళకు రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో నమోదు. ప్రశ్నలన్నీ ఎంసీక్యూలే, కంప్యూటర్ మీద.

మీ టెన్షన్‌కు సంబంధించిన రూల్సు మూడు:

- మూడు పేపర్లలోనూ విడివిడిగా 50 శాతం రావాలి.
- మూడూ ఒకే విడతలో పాసవ్వాలి.
- ఎన్నిసార్లు రాయాలన్నదానికి పరిమితి లేదు.

మొదటి రెండూ చూసి భయపడతారు, మూడోది చదవకుండా పేజీ తిప్పేస్తారు. ఇది ర్యాంకు పరీక్ష కాదు. పక్కవాడికి 85 వస్తే మీకు పోయేదేం లేదు. నీట్ రాసేవాళ్ళ టెన్షన్ తెచ్చి దీనికి తగిలించుకోవడం అనవసరం.

మొదటి రెండు రూల్సు చదివే పద్ధతిని మాత్రం మారుస్తాయి. ఫార్మకాలజీలో దున్నేసి, ఆ మార్కులతో మూడో పేపర్‌ను లాక్కురావడం కుదరదు. మూడో పేపర్ జ్యూరిస్‌ప్రుడెన్స్ (మందుల చట్టాలు), డ్రగ్ స్టోర్ మేనేజ్‌మెంట్. "అది చివర్లో రెండు రోజులు చదివితే చాలు" అని అందరూ పక్కన పెట్టేది దాన్నే. చివరి వారంలో ఎక్కువ కంగారు పెట్టేదీ అదే. రోజూ అరగంట దానికి ఇప్పటి నుంచే కేటాయించండి.

పరీక్ష రూల్సు ఉండే బులెటిన్ డౌన్‌లోడ్ చేసి ఇవి మీ చేత్తో నోట్ చేసుకోండి: ఒక్కో పేపర్‌కు ఎన్ని ప్రశ్నలు, ఎంత టైము, తప్పు జవాబుకు మార్కులు కోస్తారా, రిపోర్టింగ్ టైము, గేటు మూసే టైము, ఏ ఐడీ ఒరిజినల్ తేవాలి. సీనియర్ చెప్పాడనో, గ్రూపులో ఎవరో పెట్టారనో నమ్మకండి. గ్రూపుల్లో నిరుటి రూల్సు ఈ ఏటివిగా తిరుగుతుంటాయి.

3. నెల ముందు: చదవడం తగ్గించండి, రాయడం పెంచండి

మెటీరియల్ నాలుగోసారి తిరగేస్తుంటే అన్నీ తెలిసినట్టే ఉంటుంది. కళ్ళకు అలవాటైన పేజీ కాబట్టి అలా అనిపిస్తుంది. "రూములో అన్నీ వస్తాయి" అనేవాళ్ళలో చాలామందికి రూములో కూడా రావు, పుస్తకం తెరిచి ఉండబట్టి వచ్చినట్టుంటుంది. ఈ మాట కొంచెం కటువుగా ఉంటుందని తెలుసు.

వరుస ఇలా పెట్టుకోండి:

- టాపిక్ ఒకసారి చదవండి. పుస్తకం మూయండి. గుర్తున్నది కాగితం మీద రాయండి. తర్వాత తెరిచి, రాయనివి మాత్రం ఎర్ర పెన్నుతో చేర్చండి.
- మర్నాడు ఆ ఎర్ర భాగం మాత్రం చూడకుండా రాయండి.
- వారానికి రెండుసార్లు పూర్తి టైముతో మాక్ (నమూనా పరీక్ష) రాయండి. మీ పరీక్ష ఏ వేళకైతే ఆ వేళకే.
- మాక్ మంచం మీద రాయొద్దు. కుర్చీ, టేబులు. పీజీలో కుదరకపోతే దగ్గర్లోని లైబ్రరీకి వెళ్ళండి.
- కాలిక్యులేటర్ ముట్టుకోవద్దు. భాగహారం, శాతాలు చేత్తోనే.
- ఎన్‌బీఈఎంఎస్ డెమో టెస్ట్ పెట్టినప్పుడు దాన్ని కంప్యూటర్ మీదే చేయండి, ఫోన్ మీద కాదు. మౌస్ పట్టుకోవడం అలవాటు లేనివాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఆ ఇబ్బంది హాల్లో టెన్షన్ లాగే అనిపిస్తుంది.

మాక్ అయ్యాక మార్కులు లెక్కపెట్టుకుని మూసేయకండి. తప్పుపోయిన ప్రతి ప్రశ్న పక్కన మూడింటిలో ఒకటి రాయండి: "తెలియదు", "తప్పు చదివాను", "తొందరపడ్డాను". రెండు మాక్‌లు అయ్యేసరికి మీ జబ్బు ఏదో తెలుస్తుంది. "తెలియదు" ఎక్కువుంటే ఇంకా చదవాలి. మిగతా రెండూ ఎక్కువుంటే చదువు సరిపోయింది, మార్కులు చేతిలోంచి జారిపోతున్నాయన్నమాట.

"తప్పు చదివాను" ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణ. నాలుగేళ్ళ పిల్లాడికి డోసు అడిగారు, పెద్దల డోసు 400 మిల్లీగ్రాములు, వయసును బట్టి పిల్లల డోసు కట్టే డిల్లింగ్ ఫార్ములా ప్రకారం. డిల్లింగ్ అయితే 4 ని 20 తో భాగించి 400 తో హెచ్చిస్తే 80. కంగారులో ఉన్న చేయి ఎక్కువ అలవాటున్న యంగ్ ఫార్ములా వేసేస్తుంది: 4 ని 16 (4 + 12) తో భాగించి 400 తో హెచ్చిస్తే 100. ఆప్షన్లలో 80, 100 రెండూ ఉంటాయి. లెక్క సరిగ్గా వచ్చింది, ఆప్షన్ కూడా కనిపించింది అని సంతోషంగా 100 నొక్కేస్తారు.

దీనికి విరుగుడు చిన్నదే. లెక్క మొదలుపెట్టే ముందు రఫ్ కాగితం మీద ఫార్ములా పేరు రాయండి. "డిల్లింగ్" అని రాశాక చేయి యంగ్ వైపు పోదు. అలాగే ప్రశ్నలో "నాట్", "ఎక్సెప్ట్", "ఇన్‌కరెక్ట్" ఉంటే ఆ మాట పెదవులతో అనుకుని ఆ తర్వాతే ఆప్షన్లు చూడండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకు ఇంగ్లిష్ భయం పెద్దదిగా కనిపిస్తుంది గానీ, నిజంగా మార్కులు తినేది ఇలాంటి నాలుగైదు మాటలే.

4. రఫ్ కాగితం మీద ఏం దించాలో ముందే నిర్ణయించుకోండి

బుర్ర ఖాళీ అవుతుందన్న భయానికి నాకు తెలిసిన మంచి మందు ఇది. పరీక్ష మొదలవగానే, మొదటి ప్రశ్న చూసే ముందు, కలిసిపోయే విషయాలను రఫ్ కాగితం మీద దించేయడం. ఒకటిన్నర, రెండు నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత వాటిని తలలో మోయక్కర్లేదు.

ఒక్కో పేపర్‌కు ఒక్కో జాబితా తయారుచేసుకోండి. ఎనిమిది పది వరసలు దాటొద్దు.

మొదటి పేపర్‌కు:
- యంగ్: వయసు ÷ (వయసు + 12)
- డిల్లింగ్: వయసు ÷ 20
- ఫ్రైడ్: వయసు నెలల్లో ÷ 150
- క్లార్క్: బరువు పౌండ్లలో ÷ 150
- ఎలిగేషన్ (రెండు గాఢతలు కలిపే లెక్క) గళ్ళు, ఒక నమూనా లెక్కతో. 90 శాతం, 50 శాతం ఆల్కహాల్ కలిపి 60 శాతం కావాలంటే 10, 30. అంటే 1కి 3 పాళ్ళు

ఫ్రైడ్, క్లార్క్ రెండింట్లోనూ 150 ఉండటం వల్ల అవి ప్రతిసారీ తారుమారవుతాయి. "నెలలు", "పౌండ్లు" అన్న మాటలు తప్పకుండా రాయండి.

రెండో పేపర్‌కు:
- రక్తంలో సోడియం 135–145, పొటాషియం 3.5–5 లాంటి మామూలు విలువలు
- మీరు తరచూ కలిపేసే మందుల క్లాసులు

మూడో పేపర్‌కు:
- పాయిజన్స్ యాక్ట్ 1919, డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ యాక్ట్ 1940, రూల్స్ 1945, ఫార్మసీ యాక్ట్ 1948, మ్యాజిక్ రెమెడీస్ యాక్ట్ 1954, ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల చట్టం) 1985, డీపీసీఓ (మందుల ధరల ఆర్డర్) 2013
- అమ్మకం లైసెన్సులు, రిటైల్: ఫారం 20, 21, షెడ్యూల్ ఎక్స్ రిటైల్: 20ఎఫ్, హోల్‌సేల్: 20బీ, 21బీ

ఇది పరీక్ష రోజే మొదటిసారి చేస్తే పని చేయదు. ప్రతి మాక్ ముందు టైము చూసుకుని దించండి. పదిసార్లు రాశాక ఆ కాగితం చేత్తోనే వచ్చేస్తుంది. హాల్లో మొదటి రెండు నిమిషాలు చేతికి తెలిసిన పని ఉండటమే సగం ధైర్యం.

ఒక జాగ్రత్త: టైమర్ మొదలవకముందే రాయడం మొదలుపెట్టకండి. ఇన్విజిలేటర్ అడిగితే అదొక కొత్త టెన్షన్.

5. గుండె దడకు: ఊపిరి, రోజూ మూడు నిమిషాలు

ఫార్మకాలజీ చదివినవాళ్ళకు వివరంగా చెప్పక్కర్లేదు. అడ్రినలిన్ వచ్చింది, బీటా రిసెప్టార్ల మీద పడింది, గుండె వేగం పెరిగింది, నోరు ఎండింది, చేతులు వణికాయి. ఇది మీరు చదవలేదన్నదానికి సూచన కాదు. బాగా చదివినవాళ్ళకూ ఇలాగే ఉంటుంది.

చేయాల్సింది:

- రెండు పాదాలు నేలకు ఆనించండి. భుజాలు కిందికి వదలండి.
- ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి తీసుకోండి.
- ఆరు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలండి.
- మూడు నిమిషాలు అలాగే.

తీసుకునేదాని కంటే వదిలేది ఎక్కువసేపు ఉండాలి, కిటుకంతా అక్కడే. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది. కంగారులో చాలామంది దీన్ని తిరగేసి, గట్టిగా గాలి పీలుస్తూ పోతారు. అప్పుడు తల తిరిగినట్టై ఇంకా భయపడతారు.

ఇది కూడా రోజూ చేస్తేనే ఆ రోజు పనిచేస్తుంది. మాక్ మొదలుపెట్టే ముందు మూడు నిమిషాలు, మాక్ మధ్యలో కావాలని ఆగి ఒక రెండు ఊపిరులు.

ఇంకొకటి. 2011లో షికాగో యూనివర్సిటీ పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. పరీక్షకు కాస్త ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకున్న విద్యార్థులకు, ముఖ్యంగా ఎక్కువ భయపడేవాళ్ళకు, మార్కులు మెరుగయ్యాయి. సెంటరుకు బయల్దేరే ముందు రూములోనే తెలుగులో, మనసులో ఉన్నది ఉన్నట్టు రాసేయండి. ఎవరూ చూడరు, చింపి పారేయొచ్చు.

6. డ్రాయర్‌లో ఉన్న మందుల జోలికి వెళ్ళొద్దు

మిగతా ఏ పరీక్ష రాసేవాళ్ళకూ లేని ప్రమాదం మనకుంది. ట్రైనింగ్‌లోనో, మెడికల్ షాపులో పార్ట్‌టైమ్‌గానో ఉంటాం. మందు చేతికందే దూరంలో ఉంటుంది. దాని గురించి చదివి ఉంటాం. "ఒక్కటే కదా" అనిపిస్తుంది.

ప్రొప్రనొలాల్: దడ తగ్గుతుందని పుస్తకంలో ఉంది, నిజమే. ఆస్తమా ఉన్నవాళ్ళకు శ్వాసనాళాలు బిగుసుకుపోతాయని, షుగర్ పడిపోయిన లక్షణాలను కప్పేస్తుందని కూడా అదే పేజీలో ఉంది. పరీక్ష రోజు మొదటిసారి వేసుకుంటే మీ బీపీ ఎంత పడుతుందో మీకు తెలియదు. డాక్టర్ చీటీ లేకుండా కౌంటర్ అవతలి మనిషికి ఇవ్వని మందు మనమూ వేసుకోకూడదు.

ఆల్ప్రజోలాం: ఇది అసలే వద్దు. కొత్త విషయం గుర్తుండకుండా చేసే గుణం ఈ జాతి మందులకు ఉంది. దీన్ని వేసుకుని చదవడమంటే చదివేది చేజేతులా చెరుపుకోవడమే. పైగా షెడ్యూల్ హెచ్1 మందు, అమ్మిన ప్రతిదీ ప్రత్యేక రిజిస్టర్‌లో ఎక్కాలి, ఆ రిజిస్టర్ మూడేళ్ళు ఉంచాలి. మూడో పేపర్‌లో అడిగే రూల్‌ను మీరే ఉల్లంఘించి వెళ్తారా?

నిద్ర కోసం సెట్రిజిన్, సీపీఎం లాంటి అలర్జీ మాత్రలు: మర్నాడు ఉదయానికీ మత్తు వదలకపోవచ్చు.

కాఫీ: మందు కాదనుకుంటారు. కెఫీన్ హాఫ్ లైఫ్ సుమారు ఐదు గంటలు. సాయంత్రం ఆరింటికి తాగిన స్ట్రాంగ్ ఫిల్టర్ కాఫీలో సగం రాత్రి పదకొండింటికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. చివరి వారం మధ్యాహ్నం రెండు దాటాక మానేయండి. రోజూ తాగేవాళ్ళు పరీక్ష ఉదయం మాత్రం అలవాటైన ఒక్క కప్పు తాగండి. హఠాత్తుగా మానితే తలనొప్పి.

వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి సయించకపోవడం, ఊపిరాడనట్టు దడ రావడం, బతకాలని లేదనిపించడం ఉంటే ఇది పరీక్ష టెన్షన్ దాటిపోయిందని అర్థం. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 కి ఫోన్ చేయండి, ఉచితం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బెంగళూరులో ఉంటే మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రి మీ ఊళ్ళోనే ఉన్నట్టు. వెళ్ళడానికి సిగ్గుపడొద్దు.

7. చివరి వారం: సెంటరు, నిద్ర, ఫోన్లు

అడ్మిట్ కార్డు రాగానే సెంటరుకు ఒకసారి వెళ్ళి రండి. గేటు దాకా. మ్యాప్‌లో చూడటం చాలదు. పరీక్ష వేళకే బయల్దేరి వెళ్తే ట్రాఫిక్ ఎంతో తెలుస్తుంది.

మెట్రో పడితే మెట్రోనే నమ్ముకోండి. వైట్‌ఫీల్డ్ వైపు పర్పుల్ లైన్ ఉంది, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఆర్వీ రోడ్ నుంచి ఎల్లో లైన్ వచ్చింది. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఆదివారాలు మెట్రో ఉదయం ఏడింటికి గానీ మొదలవదు. ఆదివారం పొద్దున్నే రిపోర్టింగ్ ఉంటే క్యాబ్ రాత్రే బుక్ చేసుకోండి. అదీ క్యాన్సిల్ కావచ్చు కాబట్టి బండి ఉన్న ఫ్రెండ్‌కు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డ్ మీదుగా బస్సులో వెళ్దామనుకునేవాళ్ళకు నేను చెప్పేదేం లేదు.

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి పరీక్షకే వచ్చేవాళ్ళు రాత్రి బస్సెక్కి పొద్దున నేరుగా సెంటరుకు రావొద్దు. ముందురోజు మధ్యాహ్నానికి వచ్చి తెలిసినవాళ్ళ పీజీలో దిగండి.

నిద్ర వేళను ఈ వారంలోనే సరిచేయాలి. రాత్రి రెండింటి దాకా చదివే అలవాటున్నవాళ్ళు ఆఖరి రోజు పదింటికి పడుకుంటే నిద్ర రాదు. రోజుకు అరగంట చొప్పున ముందుకు జరపండి.

ఇక ఫోన్లు. ఇంట్లోవాళ్ళది ప్రేమే. కానీ పొద్దున ఆరింటికి అమ్మ, ఆరుంపావుకు మేనమామ, ఆరున్నరకు పెద్దమ్మ ఫోన్ చేసి "అంతా చదివేశావా?" అంటే, అంతా చదివినవాడు ప్రపంచంలో ఎవడూ ఉండడు కాబట్టి, ప్రతి ఫోనుకూ గుండె ఒకసారి జారుతుంది. ముందురోజు సాయంత్రం మీరే చేసి చెప్పేయండి:

"అమ్మా, రేపు పొద్దున ఫోన్ ఆఫ్‌లో ఉంటుంది. పరీక్ష అయ్యాక నేనే చేస్తా. మామయ్యకూ నువ్వే చెప్పు."

మామయ్యకు కూడా అమ్మ చేతే చెప్పించడం ముఖ్యం. మీరు చెబితే వినరు.

8. ముందు రాత్రి

కొత్త టాపిక్ తెరవొద్దు. ఎర్ర పెన్ను భాగాలు, రఫ్ కాగితం జాబితా, అంతే. ఎనిమిదింటికి పుస్తకం మూయండి.

సంచీలో పెట్టుకోవాల్సినవి:

- అడ్మిట్ కార్డు ప్రింటు, అడిగి ఉంటే ఫొటో అంటించి, ఇంకో కాపీ
- ఒరిజినల్ ఐడీ. అందులో పేరు అడ్మిట్ కార్డులో పేరుతో సరిపోతుందో చూశారా? ఇంటిపేరు ముందో వెనకో తేడా ఉంటే బులెటిన్ ఏం చెప్పిందో ఇప్పుడే చూడండి, గేటు దగ్గర కాదు
- పారదర్శకమైన నీళ్ళ సీసా, లోపలికి రానిచ్చినా రానివ్వకపోయినా దారిలో తాగడానికి
- చిల్లర, మెట్రో కార్డు
- ఒక పల్చటి స్వెట్టర్. ఏసీ హాల్లో చలికి వణికే చేతులు భయంతో వణుకుతున్నట్టే ఉంటాయి. జేబులు, పెద్ద గుండీలు లేనిది చూసుకోండి

పెట్టుకోకూడనివి: వాచీ, గొలుసు, గాజులు, పెద్ద చెవిపోగులు. అమ్మాయిలకు ఒక మాట, ఆ వారం వేళ్ళ కొసలకు గోరింటాకు వద్దు. వేలిముద్ర పడక మిషన్ దగ్గర పది నిమిషాలు నిలబడితే ఉన్న స్థిమితం కాస్తా పోతుంది.

భోజనం మామూలుగా తినేదే తినండి. "రేపటి నుంచి పరీక్షలు కదా" అని మెస్‌లో బిర్యానీ పార్టీ పెట్టుకోవద్దు. నిద్ర పట్టకపోతే లేచి పుస్తకం తీయకండి. కళ్ళు మూసుకుని పడుకున్నా ఒంటికి విశ్రాంతే. ఒక్క రాత్రి నిద్ర తక్కువైనంత మాత్రాన చదివిందంతా పోదు.

9. ఉదయం, గేటు దగ్గర

రెండు ఇడ్లీలో, కొంచెం ఉప్మానో తినండి. ఖాళీ కడుపుతో వచ్చే వణుకు, భయంతో వచ్చే వణుకు ఒకేలా ఉంటాయి, అందుకని.

రిపోర్టింగ్‌కు అరగంట ముందు చేరండి. గంటన్నర ముందు చేరితే గేటు బయట గుంపులో నిలబడాలి. అక్కడ ఎవడో ఒకడు "షెడ్యూల్ ఎం మొత్తం చదివావా?" అంటాడు. వాడికీ భయమే, దించుకోవడానికి మనిషి కావాలి. మీరు ఆ మనిషి కాకండి. రోడ్డుకు అవతల పక్క నిలబడండి, నడవండి, బాత్రూమ్‌కు వెళ్ళి రండి.

లోపల సిబ్బంది కన్నడంలోనో ఇంగ్లిష్‌లోనో చెబుతారు. అర్థం కాకపోతే ఇంకోసారి అడగండి. తల ఊపేసి తర్వాత తికమకపడేవాళ్ళే ఎక్కువ.

10. హాల్లో

వరుస ఇది:

- కుర్చీ సర్దుకోండి, మౌస్ కదులుతుందో చూడండి. స్క్రీన్ మీద పేరు, ఫొటో మీవేనా?
- మూడు నెమ్మది ఊపిరులు.
- టైమర్ మొదలవగానే రఫ్ కాగితం జాబితా దించండి.
- మొదటి చుట్టు: చూడగానే వచ్చేవి మాత్రమే. ఆలోచించాల్సి వస్తే మార్క్ చేసి ముందుకు.
- రెండో చుట్టు: లెక్కలు, రెండు ఆప్షన్ల మధ్య ఊగుతున్నవి.
- మూడో చుట్టు: మిగిలినవి. తప్పుకు మార్కులు కోయరని బులెటిన్‌లో ఉంటే ఒక్కటీ ఖాళీ వదలొద్దు.

మొదటి ఐదు ప్రశ్నలూ రాకపోవచ్చు. అది పేపర్ మొత్తానికి జాతకం కాదు. ఆరోదానికి వెళ్ళండి. మీకు వచ్చిన ప్రశ్న కనిపించేదాకా ముందుకు జరగడమే పని.

బుర్ర పూర్తిగా ఆగిపోతే ఇలా చేయండి. చేయి మౌస్ మీంచి తీయండి. చూపు స్క్రీన్ మీంచి తీసి టేబుల్ అంచు మీద పెట్టండి. రెండు నెమ్మది ఊపిరులు. ఆ ప్రశ్నలోని మందు పేరు రఫ్ కాగితం మీద తెలుగులో రాయండి. నవ్వుకోకండి, పనిచేస్తుంది. "మెట్‌ఫార్మిన్" అని సొంత లిపిలో రాసుకోగానే దాని పక్కన గుర్తున్నది ఏదో ఒకటి కదులుతుంది: షుగరు, బైగ్వనైడ్, కిడ్నీ చూసుకోవాలి. నిమిషంలోపు రాకపోతే మార్క్ చేసి వదిలేయండి.

కౌంటర్ ముందు పదిమంది నిలబడి అరుస్తుంటే చేతిలో ఉన్న ఒక్క చీటీనే చదువుతాం కదా, ఇక్కడా అంతే. మిగిలిన ప్రశ్నలు వాటి వంతు వచ్చేదాకా ఆగుతాయి.

కంప్యూటర్ ఆగిపోతే చేయెత్తండి. మీరే బటన్లు నొక్కొద్దు. చివర్లో జవాబులు మార్చాలనిపిస్తే కారణం ఒక్క మాటలో చెప్పుకోగలగాలి. "నాట్ చూసుకోలేదు" అన్నది కారణం. "ఎందుకో తప్పనిపిస్తోంది" అన్నది కారణం కాదు.

11. పేపర్‌కూ పేపర్‌కూ మధ్య

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడ, ఎవరూ ముందే చెప్పనిదీ ఇదే. మొదటి డీపీఈఈ 2024 అక్టోబర్ 3, 4, 5 తేదీల్లో జరిగింది. మూడు పేపర్లు, మూడు రోజులు. మొదటిరోజు బయటికి రాగానే గ్రూపులో జవాబులు మొదలవుతాయి. నాలుగు తప్పులు తేలేసరికి మర్నాటి పేపర్ కూడా చేజారుతుంది.

- మూడో పేపర్ అయ్యేదాకా గ్రూపులన్నీ మ్యూట్.
- "ఎలా రాశావ్?" అంటే "పర్లేదు" అని ఒకే జవాబు, ఇంట్లోవాళ్ళకైనా రూమ్మేట్‌కైనా.
- రూముకు వచ్చి స్నానం, భోజనం, గంట నిద్ర. తర్వాతే పుస్తకం.
- రెండో రోజుకు రఫ్ కాగితం జాబితా వేరే. పాతదాన్ని కనిపించకుండా పెట్టేయండి.

"మొదటి పేపర్ పోయింది, మిగతావి ఎందుకు?" అని రెండోరోజు వెళ్ళనివాళ్ళుంటారు. సొంత అంచనా చాలాసార్లు తప్పుతుంది, భయంలో ఉన్నప్పుడు ఇంకా తప్పుతుంది. వెళ్ళండి.

12. తరచూ జరిగే తప్పులు, వాటికి దిద్దుబాటు

- రోజుకో కొత్త మెటీరియల్ తిరగేయడం: ఒక పుస్తకం, ఒక ఎంసీక్యూ బ్యాంకు. మిగతా పీడీఎఫ్‌లు ఫోన్‌లోంచి తీసేయండి.
- మాక్‌లో మార్కులు తగ్గాయని మాక్‌లు ఆపేయడం: తగ్గిన మాక్‌లోనే నేర్చుకునేది ఎక్కువ. తప్పుల పక్కన మూడు మాటల్లో ఒకటి రాసి మళ్ళీ రాయండి.
- రూమ్మేట్‌తో పోల్చుకోవడం: వాళ్ళ బలహీనమైన పేపర్ వేరు, మీది వేరు.
- షాపులో డ్యూటీ ఆఖరి రోజు దాకా చేయడం: నెల ముందే ఓనర్‌ను అడిగి నాలుగు రోజులు సెలవు రాయించుకోండి. ఆఖర్లో అడిగితే ఇవ్వరు.
- పరీక్ష అయ్యాక ఏదీ రాసిపెట్టుకోకపోవడం: మూడో పేపర్ అయిన సాయంత్రమే, ఫలితం కోసం ఆగకుండా, ఏ టాపిక్‌ల దగ్గర ఆగిపోయారో, ఎక్కడ టైము పోయిందో, ఏ పూట దడ ఎక్కువైందో ఒక పేజీ రాయండి. పాసైతే ఆ పేజీ మీ జూనియర్‌కు ఇవ్వొచ్చు. పోతే తర్వాతి విడతకు మొదటి మెట్టులో గీసుకోవాల్సిన మూడు గళ్ళ కాగితం అప్పటికే సగం నిండి ఉంటుంది.